పని చెప్పే సన్మానం: ఊరి సభ నుంచి పద్మ నామినేషన్ దాకా

నెలాఖరు రోజు సాయంత్రం ప్రభుత్వ ఆఫీసుల వైపు వెళ్తే ఎక్కడో ఒకచోట పదవీ విరమణ సభ జరుగుతూనే ఉంటుంది. ఉద్యోగులు రిటైరయ్యేది నెల చివరి రోజునే కాబట్టి శాలువాలు, పూలదండలు, మెమెంటోలు అన్నీ ఆ రోజే. వక్తలు ఒకరి తర్వాత ఒకరు లేచి నిజాయితీపరుడు, నిగర్వి, కలుపుగోలు మనిషి అంటారు. అన్నీ నిజమే కావచ్చు. కానీ పేరు మార్చి పక్క ఆఫీసు సభలో చదివినా ఆ మాటలు సరిపోతాయి. ముప్పై అయిదేళ్లు ఆ మనిషి చేసిన పని ఏమిటో సభ అయిపోయాక కూడా ఎవరికీ తెలియదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఒక జీవితకాలం పనిచేసిన మనిషికి మనం ఇవ్వగలిగింది ఆ పనిని పేరుపెట్టి, వివరంగా, అందరి ముందు చెప్పడం. శాలువా ఆ తర్వాతే.

పద్మ పురస్కారాల నిబంధనలు కూడా ఇదే మాట అంటాయి. ఎక్కువ కాలం సేవ చేసినంత మాత్రాన సరిపోదు, అందులో విశిష్టత ఉండాలి, దానికి ప్రజాసేవ తోడవ్వాలి. అందుకే ఊరి సన్మానానికీ పద్మశ్రీ నామినేషన్‌కూ చేయాల్సిన తయారీ దాదాపు ఒకటే. ఆ తయారీ ఎలాగో అంచెలంచెలుగా చెబుతాను.

మొదటి అంచె: ఎవరిని, ఎప్పుడు

కనకాభిషేకాలు, గండపెండేరాలు మన సంప్రదాయంలో కవులకు, పండితులకు దక్కాయి. కాన్పులు చేసిన మంత్రసానికో, చెరువు తూము కాపలా కాసిన నీరటికో దక్కిన దాఖలాలు అరుదు. కాబట్టి వెతికేటప్పుడు కావాలనే అటువైపు చూడండి. ఊరి ఆరోగ్య సబ్ సెంటర్‌లో పనిచేసే నర్సు (ఏఎన్ఎం), గాలివానలో స్తంభం ఎక్కే లైన్‌మన్, ఊరి లైబ్రరీ తాళం చెవి దశాబ్దాలుగా దాచుకున్న మనిషి, అంతరించిపోతున్న కళను ఇంకా పిల్లలకు నేర్పుతున్న పెద్దాయన, పారిశుద్ధ్య కార్మికురాలు. ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ మనిషి ఇక్కడ లేకపోయి ఉంటే ఊళ్లో ఏది జరిగేది కాదు? వెంటనే రెండు మూడు జవాబులు వస్తే సరైన మనిషినే ఎంచుకున్నారు.

ఆలస్యం చేయకండి. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి దరిపల్లి రామయ్య గారు మెడలో 'వృక్షో రక్షతి రక్షితః' అని రాసిన అట్ట తగిలించుకుని జీవితమంతా మొక్కలు నాటారు. 2017లో పద్మశ్రీ ఆయన బతికి ఉండగానే వచ్చింది, 2025 ఏప్రిల్‌లో ఆయన కన్నుమూశారు. అందరికీ అలా కలిసిరాదు. సంతాప సభలో మాట్లాడే మాటల్లో సగమైనా ఆ మనిషి చెవిన పడేలా ముందే మాట్లాడాలి.

తర్వాత, ఆ మనిషిని అడగండి. సర్‌ప్రైజ్ ఇద్దామనే ఉత్సాహం చాలామందికి ఉంటుంది. పెద్ద వయసువారి విషయంలో అది మంచిది కాదని నా అభిప్రాయం. వేదిక ఎక్కడమంటేనే టెన్షన్ పడేవాళ్లు ఉంటారు. కుటుంబంలో ఈ మధ్యే ఏదైనా కష్టం జరిగి ఉండవచ్చు. వద్దంటే ఒకటికి రెండుసార్లు బతిమాలవచ్చు, మూడోసారి మాత్రం వద్దు. సభ లేకుండానే వారి పనిని రాసిపెట్టడానికి ఒప్పుకుంటారేమో అడగండి. చాలామంది దానికి సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇంకా సర్వీసులో ఉన్న ఉద్యోగి అయితే నిబంధనలు చూసుకోవాలి. కేంద్ర ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి (1964) 14వ నిబంధన ప్రకారం ముందస్తు అనుమతి లేకుండా ఉద్యోగి తన గౌరవార్థం జరిగే సభకు వెళ్లకూడదు, సన్మాన పత్రం అందుకోకూడదు. బదిలీ, పదవీ విరమణ సందర్భాల్లో ఆడంబరం లేకుండా ఇచ్చే వీడ్కోలుకు మాత్రం మినహాయింపు ఉంది. రాష్ట్ర ఉద్యోగులకు వారి సొంత నియమావళి ఉంటుంది, ఆఫీసు సూపరింటెండెంట్‌ను ముందే అడిగి తెలుసుకోండి. తెలంగాణలో పదవీ విరమణ వయసు 61, ఆంధ్రప్రదేశ్‌లో 62. తేదీ ముందే తెలుస్తుంది కాబట్టి కనీసం మూడు నెలల ముందు మొదలుపెట్టవచ్చు.

రెండో అంచె: పనిని పోగుచేయడం

మీ సమయంలో ఎక్కువ భాగం దీనికే పెట్టండి. మిగతా అన్నింటికీ ఇదే ఆధారం.

ముందుగా ఆ మనిషితోనే కూర్చోండి. ఫోన్‌లో రికార్డ్ చేస్తున్నానని చెప్పి, ఒప్పుకున్నాకే రికార్డింగ్ పెట్టండి. "మీ సేవల గురించి చెప్పండి" అని అడిగితే "ఏముందమ్మా, అందరూ చేసేదే నేనూ చేశాను" అనే జవాబు వస్తుంది. నిజంగా పనిచేసినవాళ్లు దాదాపు అందరూ ఇలాగే అంటారు. అందుకని విడివిడి సంగతులు అడగాలి. ఉద్యోగంలో చేరిన రోజు ఆ ఊరికి ఎలా వెళ్లారు? అప్పుడు అక్కడ ఏమేం లేవు? మీకు బాగా భయం వేసిన రోజు ఏది? పై ఆఫీసరు వద్దన్నా చేసిన పని ఏదైనా ఉందా? మీరు చేయలేకపోయానని ఇప్పటికీ అనుకునేది ఏది? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే ఆ మనిషి పనిని ఎంత ప్రేమించారో తెలుస్తుంది.

సంవత్సరాలు గుర్తు లేవంటారు. అప్పుడు ఊరంతటికీ గుర్తుండే సంఘటనలను పట్టుకోండి. కృష్ణా జిల్లా వాళ్లను 1977 నవంబరు దివిసీమ ఉప్పెన గురించి, గోదావరి వైపు 1986 వరద, 1996 నవంబరు కోనసీమ తుఫాను గురించి, కర్నూలులో 2009 అక్టోబరు వరద, విశాఖలో 2014 హుద్‌హుద్ గురించి అడగండి. 2020 కరోనా సంగతి అందరికీ తెలుసు. "హుద్‌హుద్ వచ్చిన రోజు మీరెక్కడ ఉన్నారు?" అని లైన్‌మన్‌ను అడిగితే సేవాభావం గురించి ఉపన్యాసం అక్కర్లేదు, ఏ స్తంభం దగ్గర ఏ పూట ఉన్నాడో వరసగా చెబుతాడు.

ఏఎన్ఎం అయితే పల్స్ పోలియో గురించి అడగండి. 1995లో మొదలైన ఆ కార్యక్రమం ఫలించి, దేశంలో చివరి పోలియో కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014 మార్చిలో భారత్‌కు పోలియో రహిత ధ్రువీకరణ వచ్చింది. ఢిల్లీలో ప్రకటించిన ఆ విజయం వెనక ఇల్లిల్లూ తిరిగి పిల్లల వేలికి మార్కర్‌తో గుర్తుపెట్టిన చేతులు ఉన్నాయి. మీరు సన్మానించబోయే అమ్మ చేతులు అందులో ఉన్నాయా? ఏ ఇంటివాళ్లు చుక్కలు వద్దన్నారు, ఆమె వాళ్లను ఎలా ఒప్పించింది? అది రాసుకోండి.

తర్వాత ఇతరుల దగ్గరికి వెళ్లండి. పై అధికారి ఒకరు చాలు. ఎక్కువగా కలవాల్సింది ఆ పని అందుకున్నవాళ్లను: పాత విద్యార్థులు, కాన్పు జరిగిన తల్లులు, కరెంటు వచ్చిన చివరి ఇంటివాళ్లు. కింద పనిచేసినవాళ్లను తప్పకుండా అడగండి. అటెండరు, ఆయా, డ్రైవరు చెప్పే మాటను నేను ఎక్కువగా నమ్ముతాను. పైవాళ్లతో మర్యాదగా ఉండటం అందరికీ వచ్చు, కిందివాళ్లతో ఎలా ఉన్నారో అది వాళ్లకే తెలుసు.

కాగితాల సంగతి. సర్వీస్ రిజిస్టరు వివరాలు, బదిలీ ఆర్డర్లు, ప్రశంసాపత్రాలు, పాత ఫొటోలు, జిల్లా ఎడిషన్లలో వచ్చిన వార్తల క్లిప్పింగులు అన్నీ ఫొటో తీసి ఒక ఫోల్డరులో పెట్టండి. ప్రతి దానికీ తేదీ, పత్రిక పేరు రాయండి. ఉపాధ్యాయులైతే బడి ప్రవేశాల రిజిస్టరులో వారు వచ్చిన ఏడాది పిల్లలెందరు, వెళ్లిన ఏడాది ఎందరు అన్న రెండు అంకెలు ఎంతో చెబుతాయి. అంకెలను పెంచకండి. వేలాది మంది అని రాయడం తేలిక, కానీ రిజిస్టరులో 412 అని ఉంటే 412 అనే రాయండి. చదివేవాళ్లు దాన్నే నమ్ముతారు. రోగుల పేర్లు, జబ్బులు మాత్రం వాళ్ల అనుమతి లేకుండా ఎక్కడా రాయకూడదు.

మూడో అంచె: సన్మాన పత్రం రాయడం

మన సన్మాన పత్రాలకు ఒక అలవాటు ఉంది. చుట్టూ పూల అంచు, 'సేవాతత్పరా! కరుణామూర్తీ!' అనే సంబోధనలు, పేరాకొక విశేషణాల వరుస. చదువుతుంటే గంభీరంగా ఉంటుంది, చదివాక ఏమీ మిగలదు. మంచి పద్యం రాయగలవాళ్లు ఉంటే చివర ఒక పద్యం పెట్టండి, అది మన సొగసు. మిగతా పత్రం మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పాలి.

ఊహించి రాసిన ఒక నమూనా చూడండి. మామూలుగా అయితే ఇలా రాస్తారు: "ముప్పై సంవత్సరాలు నిస్వార్థంగా, అంకితభావంతో గ్రామీణ ప్రజలకు ఎనలేని వైద్యసేవలు అందించారు."

దాన్నే ఇలా రాయవచ్చు: "మీరు ఈ సబ్ సెంటర్‌కు వచ్చిననాడు వాగు అవతల మూడు గూడేలకు దారి లేదు. వానాకాలం బుధవారాల్లో టీకాల ఐస్ బాక్సు నెత్తిన పెట్టుకుని నడుముల్లోతు నీళ్లలో వాగు దాటేవారు. పిల్లలకు జ్వరం వస్తుందని టీకా వద్దన్న అవ్వల ఇళ్లలో ఆ రాత్రి ఉండిపోయి, జ్వరం తగ్గాక తిరిగి వచ్చేవారు. ఇప్పుడు ఆ గూడేల తల్లులే పిల్లలను ఎత్తుకుని మీ దగ్గరికి నడిచి వస్తున్నారు."

రెండో దానిలో పొగడ్త ఒక్కటీ లేదు. ముందు ఎలా ఉండేది, ఆమె ఏం చేసింది, ఇప్పుడు ఎలా ఉంది, అంతే. ఆ మూడూ ఉంటే పత్రం దానంతటదే నిలబడుతుంది.

పేజీన్నర మించనివ్వకండి. అచ్చుకు ఇచ్చే ముందు ఆ మనిషి కుటుంబంలో ఒకరికి చదివి వినిపించండి, పేర్లు, ఊళ్లు, సంవత్సరాలు సరిచూసుకోండి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తప్పు పడితే జీవితాంతం గోడమీద అలాగే వేలాడుతుంది. ఫ్రేమ్ కట్టించే కాపీతో పాటు పది మామూలు కాపీలు తీయించండి. పిల్లలకు, మనవళ్లకు తలా ఒకటి ఇవ్వాలి.

నాలుగో అంచె: సభ

డబ్బు సంగతి ముందు. చందా ఇష్టమున్నవారి దగ్గరే తీసుకోవాలి. ఇందాక చెప్పిన 14వ నిబంధన వీడ్కోలు చందాల కోసం ఉద్యోగులపై ఒత్తిడి తేవడాన్ని స్పష్టంగా నిషేధించింది. జీతం తక్కువున్న స్వీపరు దగ్గర ఆఫీసరు సన్మానానికి వంద రూపాయలు అడిగితే అది ఆ ఆఫీసరుకే అవమానం.

ఫ్లెక్సీలో సన్మానం పొందేవారి ఫొటో పెద్దదిగా ఉండాలి. ఇది చెప్పాల్సిన అవసరం లేని విషయంలా కనిపిస్తుంది గానీ, మన ఊళ్లలో చెప్పి తీరాలి. రాజకీయ నాయకుల వరుస ఫొటోల కింద మూల చిన్న గుండ్రంలో ఆ మనిషి ముఖం ఉన్న ఫ్లెక్సీలు చాలా చూశాం. ముఖ్య అతిథి ఆలస్యమైతే ఆయన కోసం ఆగకండి. డెబ్బై ఏళ్ల పెద్దవారిని వేదిక మీద రెండు గంటలు కూర్చోబెట్టడం గౌరవం కాదు. వారికి చేతులున్న కుర్చీ, మంచినీళ్లు, దగ్గర్లో బాత్‌రూమ్, మెట్లు ఎక్కడానికి ఒక తోడు ఉండేలా చూడండి. జీవిత భాగస్వామిని పక్కనే కూర్చోబెట్టండి. అర్ధరాత్రి ఫోన్ మోగితే లేచి తలుపు తీసింది వాళ్లు కూడా.

మాట్లాడేవాళ్లు నలుగురు చాలు, తలా అయిదు నిమిషాలు. మొదటి మాట ఆ పని అందుకున్న మనిషిదే కావాలి, అంటే పాత విద్యార్థో, ఒక తల్లో. అధికారులు, ప్రజాప్రతినిధులు ఆ తర్వాత మాట్లాడవచ్చు. సన్మాన పత్రాన్ని గట్టిగా, నిదానంగా, మంచి గొంతున్నవాళ్లు చదవాలి. చివర్లో మైకు సన్మానితుల చేతికి ఇచ్చి కనీసం ఇరవై నిమిషాలు వదిలేయండి. టైమ్ అయిపోయిందని వాళ్ల ప్రసంగాన్ని కుదించే సభలు ఉంటాయి, అలాంటి చోట అంతకుముందు జరిగినదంతా వృథా. నిలబడి మాట్లాడలేకపోతే మీ రికార్డింగులోంచి అయిదు నిమిషాలు వినిపించండి.

కానుకల విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెబుతాను. ముప్పై శాలువాలు కప్పితే బీరువా నిండుతుంది. ఒకే శాలువా అందరి తరఫున కప్పి, మిగతా డబ్బు ఒకచోట చేర్చండి. పింఛనుదారు అయితే వారికి నచ్చిన వస్తువో, వారి పేరిట బడికి పుస్తకాలో ఇవ్వవచ్చు. ఆశా కార్యకర్త, కాంట్రాక్టు పారిశుద్ధ్య కార్మికురాలు లాంటివాళ్లకు చాలాసార్లు నెలనెలా పింఛను అనేది ఉండదు. వాళ్లకు మెమెంటో కన్నా బ్యాంకు ఖాతాలో డబ్బు వేయడమే మర్యాద, మొత్తం ఎంతో వేదిక మీద చదవకుండా. రెగ్యులర్ ఉద్యోగికైతే పింఛను ప్రతిపాదనలు, గ్రాట్యుటీ, సెలవుల నగదు కాగితాలు ఎక్కడున్నాయో ఆఫీసువాళ్లు పట్టించుకోవాలి. పూలదండ వేసిన ఆఫీసు చుట్టూనే పింఛను కోసం తిరిగేవాళ్లను చూస్తే గుండె మండుతుంది. ఆ ఫైలు ముందే కదిలించడం సన్మాన కమిటీ పనుల్లో ఒకటిగా రాసుకోండి.

అయిదో అంచె: పద్మ నామినేషన్

1954లో మొదలైన పద్మ విభూషణ్, పద్మ భూషణ్, పద్మశ్రీలకు ఎవరైనా ఎవరి పేరైనా పంపవచ్చు. తన పేరు తానే పంపుకోవచ్చు కూడా. ఎమ్మెల్యే సిఫార్సు లేఖ అక్కర్లేదు, ఫీజు లేదు. "ఢిల్లీలో మనవాళ్లు ఉన్నారు, ఖర్చవుతుంది" అనేవాళ్లను గుమ్మం బయటే ఆపండి.

నామినేషన్లు ఆన్‌లైన్‌లో, రాష్ట్రీయ పురస్కార్ పోర్టల్ (అవార్డ్స్ డాట్ గవ్ డాట్ ఇన్) ద్వారా మాత్రమే తీసుకుంటారు. తేదీలు ఏటా మారతాయి. సాధారణంగా వేసవికి అటూ ఇటూ తెరిచి, జులై నుంచి సెప్టెంబరు లోపు మూసేస్తారు, కాబట్టి మార్చి నుంచే చూస్తూ ఉండండి. ముందు మీ పేరుతో రిజిస్టరు చేసుకుని, తర్వాత ఎవరిని నామినేట్ చేస్తున్నారో వారి వివరాలు నింపాలి. కళ, సామాజిక సేవ, వైద్యం, సాహిత్యం-విద్య, సైన్స్-ఇంజినీరింగ్, క్రీడలు వంటి రంగాల్లో ఒకటి ఎంచుకోవాలి. రెండు మూడు రంగాల్లో పనిచేసినవారైతే ఏ పనికి ఆధారాలు ఎక్కువ ఉన్నాయో ఆ రంగం ఎంచండి.

అసలు పరీక్ష 800 పదాల్లోపు రాయాల్సిన వివరణ. మీ దగ్గర రెండో అంచెలో పోగుచేసిన సరుకు ఉంది కాబట్టి భయం అక్కర్లేదు. ఇంగ్లిష్‌లో నింపాలనుకున్నా ముందు తెలుగులోనే రాసుకోండి, ఆ తర్వాత మార్చుకోవచ్చు. మొదటి రెండు వాక్యాల్లోనే ఆ మనిషి చేసిన ముఖ్యమైన పని తెలియాలి. పుట్టిన ఊరు, చదువు, పాత అవార్డుల జాబితాతో మొదలుపెడితే మీకున్న పదాల్లో సగం అక్కడే ఖర్చవుతాయి. ఎంత కాలం చేశారో ఒక వాక్యంలో చెప్పి, ఆ కాలంలో ఏం మారిందో మిగతా వాక్యాల్లో చెప్పండి.

పద్మశ్రీ పొందిన కొందరి పనిని చూస్తే దీని అర్థం తెలుస్తుంది. సంకురాత్రి చంద్రశేఖర్ గారు 1985 ఎయిరిండియా కనిష్క విమాన దుర్ఘటనలో భార్యను, ఇద్దరు పిల్లలను కోల్పోయి, కెనడా నుంచి కాకినాడ ప్రాంతానికి తిరిగివచ్చి పిల్లల పేర్లమీద బడి, కంటి ఆసుపత్రి స్థాపించారు (పద్మశ్రీ 2023లో). ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన వెల్లంకి వాసి కూరెళ్ల విఠలాచార్య గారు తన ఇంటినే గ్రంథాలయం చేశారు (2024). చింతకింది మల్లేశం గారు చీర నేతకు ముందు చేత్తో నూలు చుట్టడానికి తల్లి పడే కష్టం చూసి, ఆ పని చేసే ఆసు యంత్రం తయారుచేశారు (2017). ఒక్కొక్కరి పనీ ఒక్క వాక్యంలో పట్టింది చూడండి. మీ నామినేషన్‌కూ అలాంటి ఒక్క వాక్యం దొరికేదాకా రాయడం మొదలుపెట్టకండి.

తెలిసి ఉండాల్సిన నిబంధనలు కొన్ని ఉన్నాయి. డాక్టర్లు, శాస్త్రవేత్తలు తప్ప సర్వీసులో ఉన్న ప్రభుత్వ, ప్రభుత్వ రంగ సంస్థల ఉద్యోగులు అర్హులు కారు, అంటే ఉపాధ్యాయుడైనా లైన్‌మన్ అయినా రిటైరయ్యాకే. మరణానంతరం సాధారణంగా ఇవ్వరు. ఈ మధ్యే చనిపోయిన, ఎంతో అర్హులైన వారి విషయంలోనే మినహాయింపు. మరణానంతర పురస్కారాలు, విదేశీయులు, ప్రవాస భారతీయులు కాక ఏడాదికి 120కి మించి ఇవ్వరు. 2025లో అన్నీ కలిపి 139. కేబినెట్ సెక్రటరీ అధ్యక్షతన కమిటీ పరిశీలించి ప్రధానికి, రాష్ట్రపతికి పంపుతుంది, పేర్లు గణతంత్ర దినోత్సవానికి ప్రకటిస్తారు.

పురస్కారంతో పాటు రాష్ట్రపతి సంతకం చేసిన సనదు (ధ్రువపత్రం), పతకం వస్తాయి. నగదు ఉండదు, రైలు రాయితీ ఉండదు. పేరు ముందో వెనకో బిరుదులా పెట్టుకోకూడదని సుప్రీంకోర్టు 1995 డిసెంబరులో స్పష్టం చేసింది. ఇది ఆ కుటుంబానికి ముందే చెప్పండి, ముఖ్యంగా పేద కళాకారుల ఇళ్లలో. అవార్డు వస్తే కష్టాలు తీరతాయనుకుంటారు. రాష్ట్ర ప్రభుత్వాలు విడిగా సాయం చేసిన సందర్భాలు ఉన్నాయి. 2024లో తెలంగాణ ప్రభుత్వం పద్మశ్రీ పొందిన కళాకారులకు నెలకు రూ.25 వేల పింఛను ప్రకటించింది. అది పద్మ పురస్కారంలో భాగం కాదు.

ఉపాధ్యాయులకు, నర్సులకు వేరే దారులు

సెప్టెంబరు 5న ఇచ్చే జాతీయ ఉపాధ్యాయ పురస్కారానికి టీచర్లు తామే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవాలి. ట్యూషన్లు చెప్పేవారు అర్హులు కారు, రిటైరైనవారికి సాధారణంగా అవకాశం లేదు. అందుకే మీకు తెలిసిన మంచి టీచరు సర్వీసులో ఉండగానే వెంటపడి వేయించండి. నర్సులు, ఏఎన్ఎంలు, లేడీ హెల్త్ విజిటర్ల కోసం 1973లో నెలకొల్పిన జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం ఉంది.

ఆరో అంచె: ఆ తర్వాత

నామినేషన్ పంపాక ఊళ్లో ప్రచారం చేయకండి. జనవరి 25 సాయంత్రం పెద్దాయన టీవీ ముందు కూర్చుని పేరు రాలేదని చూడటం కన్నా, మీరు పంపిన సంగతి తెలియకపోవడం మేలు. రాకపోతే మరుసటి ఏడాది కొత్త ఆధారాలు చేర్చి మళ్లీ పంపవచ్చు. చాలామందికి మొదటి ప్రయత్నంలో రాదు.

అది వచ్చినా రాకపోయినా మీ దగ్గర ఉన్న రికార్డింగులు, ఫొటోలు, కాగితాలు పోకుండా చూడాలి. పెన్‌డ్రైవ్ ఒకటి కుటుంబానికి, ఒకటి ఊరి బడికి లేదా శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. పత్రికల్లో తగినన్ని వార్తలు వచ్చి ఉంటే తెలుగు వికీపీడియాలో వ్యాసం రాయవచ్చు. అక్కడ ప్రతి మాటకూ ప్రచురిత ఆధారం కావాలి కాబట్టి మీరు తేదీలతో దాచిన క్లిప్పింగులు అప్పుడు పనికొస్తాయి.

పేరు నిలబెట్టాలనుకుంటే పనికి దగ్గరగా ఉండే చోటు వెతకండి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయితే, దాన్ని కట్టించిన కాటన్ దొరను గోదావరి జిల్లాల రైతులు ఇప్పటికీ ఆ నీటి దగ్గరే తలుచుకుంటారు, పుట్టినరోజైన మే 15న ఆయన విగ్రహాలకు దండలు వేస్తారు. మీ ఊరి టీచరు పేరు బడి లైబ్రరీ గదికి, ఏఎన్ఎం పేరు సబ్ సెంటర్‌లో తల్లులు కూర్చునే వరండాకు పెట్టమని అడగండి. పంచాయతీ తీర్మానం రాయించి, సంబంధిత శాఖ అనుమతి తీసుకోండి. బోర్డు మీద పేరు, సంవత్సరాలతో పాటు ఆ మనిషి ఏం చేశారో ఒక వాక్యం తప్పకుండా రాయించండి.